నీలి పళ్ళెం కొనేముందు తిప్పి చూడండి

ఇంగ్లండ్‌లో ఆదివారం పొద్దున్నే ఏ కార్ బూట్ సేల్‌కి (జనం ఇంట్లోని పాత సామాను కారు డిక్కీలో తెచ్చి అమ్మే సంత) వెళ్ళినా నాలుగైదు బల్లల మీద ఒకే రకం పళ్ళేలు కనిపిస్తాయి. తెల్లటి పళ్ళెం, నిండా నీలం బొమ్మ. వంతెన మీద ముగ్గురు మనుషులు, ఆకాశంలో రెండు పిట్టలు, పక్కన వాలిపోయిన చెట్టు. ఎంత పాతదని అడిగితే "విక్టోరియన్" అంటారు, అంటే విక్టోరియా రాణి కాలంనాటిదని. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని కాదు, చాలామందికి నిజంగానే తెలియదు. అమ్మమ్మ అటకమీద దొరికినవన్నీ వాళ్ళ లెక్కలో విక్టోరియనే.

ఇవి ఎక్కువగా తయారైన స్టోక్-ఆన్-ట్రెంట్‌కి నేను గంట దూరంలో ఉంటాను. కొన్నేళ్ళుగా ఇవి ఏరుకుంటున్నాను. మా ఆవిడ వీటిని "మీ పాత అంట్లు" అంటుంది. మొదట్లో చేసిన తప్పులకి ఆ మాట సరిపోతుంది కూడా. ఆ తప్పులు మీరు చేయకుండా, ఒక పళ్ళెం చేతికొస్తే ఏం చూడాలో వరసగా చెప్తాను. కావాల్సిన సామాను మూడే: ఫోన్ టార్చి, నగల షాపువాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి.

అన్నిటికన్నా ముందు అలవాటు చేసుకోవాల్సింది ఒకటుంది. పళ్ళెం చేతికి రాగానే బొమ్మ చూస్తూ ఉండిపోకండి. తిప్పండి. బొమ్మ అందరినీ ఒకేలా మురిపిస్తుంది. వయసు బయటపెట్టేది ఎక్కువగా వెనకవైపే.

1. ఇది పింగాణీ కాదని తేల్చుకోండి

మెరిసే ప్రతి గిన్నెనీ మనం పింగాణీ అనేస్తాం. ఇవి పింగాణీ కావు, మట్టి పాత్రలే. ఇక్కడ ఎర్తెన్‌వేర్ అంటారు. డెవన్, డోర్సెట్ ప్రాంతాల బంకమట్టి, కార్న్‌వాల్ తెల్లమట్టి, కాల్చి పొడి చేసిన చెకుముకిరాయి కలిపి చేసినవి. వీటిలో ఎక్కువ భాగం స్టాఫర్డ్‌షైర్‌లోని ఆరు ఊళ్ళలో తయారయ్యాయి: టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్. ఇప్పుడు ఆ ఆరూ కలిసిందే స్టోక్-ఆన్-ట్రెంట్.

పళ్ళెం వెనక టార్చి పెట్టి, ముందునుంచి వేలు అడ్డం పెట్టి చూడండి. వేలి నీడ కనిపిస్తే అది పింగాణీయో బోన్ చైనానో. ఏమీ కనిపించకుండా గోడలా ఉంటే మట్టిది. అంచు ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే లోపల చూడండి. పింగాణీ పెచ్చు గాజు విరిగినట్టు నున్నగా ఉంటుంది. మట్టిది సుద్దముక్కలా గరుగ్గా ఉండి, పాతదైతే టీ రంగు మరకతో ఉంటుంది, ఎందుకంటే ఇది నీళ్ళు పీలుస్తుంది. ఈ పీల్చే గుణం గుర్తుపెట్టుకోండి. బొమ్మ అచ్చు పడటం దగ్గర్నుంచి మరక వదలకపోవడం దాకా అన్నిటికీ అదే కారణం.

2. అచ్చా, చేతిపనా?

అసలు ఈ అచ్చు ఎందుకు పుట్టిందంటే, 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్ళ బల్ల మీద చైనా నుంచి వచ్చిన పింగాణీ ఉండేది. దానిమీద నీలం బొమ్మ కుంచెతో గీసింది. 1791లో ఈస్టిండియా కంపెనీ చైనా పింగాణీని పెద్ద ఎత్తున తెప్పించడం మానేసింది. ఇంట్లో సెట్టుంది, రెండు పళ్ళేలు పగిలాయి, జత ఎక్కడ తేవాలి? అప్పటికే స్టోక్‌లో జోసయా స్పోడ్ అనే కుమ్మరి 1780లలో గాజుపూత కింద నీలం అచ్చు వేసే పద్ధతిని మట్టిపాత్రలకి గాడిలో పెట్టి ఉన్నాడు. సరిగ్గా సమయానికి సరుకు సిద్ధంగా ఉందన్నమాట.

నీలమే ఎందుకంటే కారణం అందం కాదు, కొలిమి. గాజుపూత కింద ఉండి, ఆ పూత కరిగే వేడికి చెదరకుండా నిలిచే రంగుల్లో అప్పట్లో నమ్మదగ్గది కోబాల్ట్ ఒక్కటే. ఆకుపచ్చ, గులాబీ, గోధుమ రంగు అచ్చులు 1820ల చివర్లో గానీ మామూలు కాలేదు.

పని ఎలా జరిగేదో తెలిస్తే పళ్ళెం చదవడం తేలిక. రాగిరేకు మీద బొమ్మ చెక్కుతారు. రేకును వేడిచేసి, నూనెలో కలిపిన చిక్కటి కోబాల్ట్ రంగును గీతల్లోకి దిగేలా రుద్దుతారు. పైన మిగిలింది గీకి తుడిచేస్తారు. సబ్బునీళ్ళు పట్టించిన పల్చటి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఆ తడి కాగితాన్ని ఒక అమ్మాయి కత్తెరతో ముక్కలు చేస్తుంది, మధ్య బొమ్మ వేరు, అంచు పట్టీ వేరు. ఇంకొకావిడ ఆ ముక్కల్ని ఒకసారి కాలిన పళ్ళెం మీద బోర్లించి, గట్టి కుచ్చు బ్రష్షుతో రుద్దుతుంది. మట్టి రంగును పీల్చుకుంటుంది. నీళ్ళలో ముంచితే కాగితం ఊడిపోతుంది, రంగు నూనెది కాబట్టి అంటుకునే ఉంటుంది. తర్వాత నూనె పోయేలా ఒకసారి కాల్చి, గాజుపూతలో ముంచి, మళ్ళీ బట్టీలో పెడతారు.

ఇప్పుడు అంచు సంగతి చూడండి. కాగితం పట్టీ ముక్కలుగా వస్తుంది. దాన్ని గుండ్రటి పళ్ళెం చుట్టూ తిప్పి చివర్లు కలపాలి. ఎంత చేయితిరిగినవాళ్ళకైనా అది అచ్చంగా కలవదు. కాబట్టి ఎక్కడో ఒకచోట అతుకు పడుతుంది. నా దగ్గర ఒక సూప్ పళ్ళెం ఉంది. దాని అంచున పూలతీగ చుట్టూ హాయిగా తిరిగొచ్చి, గడియారంలో అయిదు అంకె ఉండే చోట సగం పువ్వు దగ్గర ఆగిపోయింది. పక్కనే ఒక ఆకు మీద ఇంకో ఆకు సగం ఎక్కి కూర్చుంది. ఆ ఇరుకులో పనిచేసినావిడ వేలితో కాగితాన్ని సర్దినట్టు ఒక సన్నటి ముడత గీత కూడా ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో గబగబా పని ముగించిన ఆ క్షణం అక్కడ అలాగే ఉండిపోయింది. మొదటిసారి చూసినప్పుడు లోపమనుకుని బేరమాడాను. లోపం కాదు, ఇది కాగితపు అచ్చు అనడానికి అంతకన్నా మంచి రుజువు లేదు.

మనకి దీన్ని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీకీ మచిలీపట్నం కలంకారీకీ తేడా తెలిసినవాళ్ళు ఆ కన్నుతోనే చూడండి. కాళహస్తి బట్ట మీద గీత కలం నుంచి వస్తుంది. ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఏ రెండు ఆకులూ ఒకటి కావు. మచిలీపట్నం బట్టలో చెక్క అచ్చు పక్కన అచ్చు పడుతుంది, వెతికితే కలిసే చోటు దొరుకుతుంది. చైనా పళ్ళేనికీ స్టాఫర్డ్‌షైర్ పళ్ళేనికీ అదే తేడా. కుంచె నీలం నీళ్ళలా పరుచుకుని ముదురు నుంచి లేతకి జారుతుంది. అచ్చు నీలాన్ని భూతద్దం కింద చూస్తే అంతా గీతలూ చుక్కలే. నీడ కావాలంటే గీతలు దగ్గరవుతాయి, అంతే.

ఒక్క జాగ్రత్త. ఇప్పటి స్టిక్కరు బొమ్మలకీ ఒక్కోసారి అతుకు ఉంటుంది. అందుకే అతుకు చూసి ఆగిపోకండి, భూతద్దం పెట్టండి. చేత్తో చెక్కిన రేకులో చుక్కలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. దినపత్రిక ఫొటోలోలా ఒకే వరసలో, జల్లెడ కన్నాల్లా చుక్కలు కనిపిస్తే, లేదా గీతే లేకుండా నీలం చదునుగా పెయింటులా ఉంటే, అది ఇరవయ్యో శతాబ్దపు సరుకు.

3. గాజుపూత గుంటలు చూడండి

పళ్ళెం వెనక నిలబెట్టే గట్టు ఉంటుంది కదా, దాని మూలల్లో గాజుపూత కాస్త మందంగా నిలుస్తుంది. అక్కడి రంగు చూడండి. 1779 ప్రాంతంలో జోసయా వెడ్జ్‌వుడ్ అనే ఇంకో కుమ్మరి పసుపు ఛాయ తగ్గించడానికి పూతలో పిసరంత కోబాల్ట్ కలిపిన తెల్ల సరుకు తెచ్చాడు. బట్టలకి నీలిమందు పెట్టినట్టే. తర్వాత అందరూ అదే పట్టుకున్నారు. దీన్ని పెర్ల్‌వేర్ అంటారు. మూలల్లో లేత నీలం గుంట కట్టి ఉంటే సుమారుగా 1780 నుంచి 1830లు, ఆ తర్వాత కొంతకాలం దాకా అనుకోవచ్చు. మూలల్లో కూడా తెల్లగానో, రంగు లేకుండానో ఉంటే బహుశా తర్వాతిది.

అదే చోట, అడుగున గానీ అంచు కింద గానీ మూడు చిన్న మొటిమల్లాంటి గుర్తులు కూడా వెతకండి. బట్టీలో పళ్ళేలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో మట్టి ముక్కాలి పీటలు పెట్టేవాళ్ళు. వాటి కాళ్ళ జాడలివి. వేలితో తడిమితే గుచ్చుకుంటాయి. ఇవి ఉన్నంత మాత్రాన పాతదని కాదు గానీ, చూడటం అలవాటైతే మంచిది.

4. చెక్కడం చూసి కాలం అంచనా వేయండి

తొలి రోజుల్లో, అంటే 1780ల నుంచి 1800 తర్వాత కొన్నేళ్ళ దాకా, రేకు మీద గీతలే చెక్కేవాళ్ళు. ఆ పళ్ళేలు ముదురుగా, కాస్త ముద్దగా కనిపిస్తాయి, బొమ్మలు దాదాపు అన్నీ చైనా తరహావే. 1810 ప్రాంతానికి గీతలతో పాటు చుక్కలు పొడవడం బాగా పట్టుబడింది. మబ్బులు, నీళ్ళు, ముఖాలు మెత్తగా రావడం మొదలైంది. 1815 నుంచి 1835 దాకా ఈ పనికి బంగారు కాలం. నా మాట నమ్మి ఒక్కటే కొనాలనుకుంటే ఆ ఇరవై ఏళ్ళలోది కొనండి.

తర్వాత విక్టోరియా రాణి కాలంలో నీలం పాలిపోయింది. ఏషియాటిక్ ఫెజంట్స్ అనే డిజైను, లేత నీలంలో పొడుగు తోక పక్షులూ పెద్ద పూలూ ఉండేది, ఎన్ని కంపెనీలు చేశాయో లెక్కలేదు. అదే కాలంలో ఫ్లో బ్లూ అని ఇంకొకటి వచ్చింది. బట్టీలో క్లోరైడ్ రసాయనాలు పెట్టి, ఆ ఆవిరికి రంగు కావాలనే చెదిరేలా చేసేవాళ్ళు. వానలో తడిసిన ఉత్తరంలా ఉంటుంది. అమెరికాలో దానికి పిచ్చి గిరాకీ. నాకు మాత్రం కళ్ళజోడు మర్చిపోయినట్టు అనిపిస్తుంది.

5. వెనక ముద్ర చదవండి

నేను మోసపోయింది ఇక్కడే. ఒకసారి వెనక "1784" అని స్పష్టంగా అచ్చయి ఉన్న పళ్ళెం దొరికింది. చెయ్యి వణికింది. అడిగినంతా ఇచ్చేశాను. ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే కింద చిన్న అక్షరాల్లో "మేడ్ ఇన్ ఇంగ్లండ్". ఆ 1784 కంపెనీ తన వంశం ఎప్పట్నుంచో చెప్పుకున్న సంవత్సరం. కిరాణా కొట్టు బోర్డు మీద "స్థాపితం" అని రాసుకోమా, అంతే. నిజంగా 1784లో చేసిన పళ్ళెం మీద 1784 అని రాసి ఉండే అవకాశం చాలా తక్కువ. అప్పటివాటిలో చాలావాటికి అసలు ముద్రే ఉండదు.

ముద్రలో తేదీ కోసం కాదు, ఈ గుర్తుల కోసం వెతకండి:

"ఇంగ్లండ్" అనే మాట ఉంటే సాధారణంగా 1891 తర్వాతిది. అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల, అక్కడికి పంపే సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని పూర్తిగా ఉంటే ఇరవయ్యో శతాబ్దం. ఈ ఒక్క సూత్రంతో సంతలో సగం పళ్ళేలు తేలిపోతాయి.

"లిమిటెడ్" అని గానీ దాని పొట్టి రూపం గానీ ఉంటే 1860 తర్వాత. "ట్రేడ్ మార్క్" అనే మాట 1862 చట్టం తర్వాత.

వజ్రం ఆకారంలో, మూలల్లో అక్షరాలూ అంకెలూ ఉన్న గుర్తు కనిపిస్తే అదృష్టం. అది 1842 నుంచి 1883 దాకా డిజైన్ రిజిస్టర్ చేసినప్పుడు వేసిన గుర్తు. పైన వృత్తంలో రోమన్ నాలుగు ఉంటుంది, మట్టి, పింగాణీ సరుకు వర్గం అది. 1867 దాకా ఆ వృత్తం కిందే సంవత్సరం అక్షరం, 1868 నుంచి అది కుడి మూలకి మారింది. ఏ అక్షరం ఏ సంవత్సరమో పట్టికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాకపోతే అది డిజైన్ రిజిస్టర్ అయిన రోజు, మీ పళ్ళెం కాలిన రోజు కాదు. 1884 నుంచి వజ్రం పోయి వరస నంబరు వచ్చింది.

సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న రాజముద్ర ఉంటే డాలు మధ్యలో చూడండి. నాలుగు గళ్ళ మధ్య ఇంకో చిన్న డాలు ఉంటే 1837కి ముందుది. ఒట్టి నాలుగు గళ్ళే ఉంటే విక్టోరియా రాణి వచ్చాక.

డిజైను పేరు అలంకారపు చట్రంలో అచ్చయి ఉంటే మామూలుగా 1810 తర్వాత. స్పోడ్ కంపెనీ 1833 నుంచి 1847 దాకా కోప్లాండ్ అండ్ గారెట్, ఆ తర్వాత కోప్లాండ్. కాబట్టి ఆ పేర్లు కనిపిస్తే కాలం దానంతటదే తెలిసిపోతుంది. డావెన్‌పోర్ట్ కంపెనీ సరుకు మీద లంగరు గుర్తు ఉంటుంది.

పక్కన ఎక్కడో చిన్న అంకెనో చుక్కో కొక్కెమో ఒంటరిగా ఉంటే దాన్ని చూసి కంగారుపడకండి. అవి పనివాళ్ళ గుర్తులు. పనికి తగ్గ కూలి కాబట్టి ఎవరు ఎన్ని చేశారో లెక్క తేలాలి కదా.

ముద్రే లేకపోతే? వదిలేయకండి. ముద్ర లేని మంచి పళ్ళెం చవగ్గా వస్తుంది. పై నాలుగు అడుగులు అందుకే.

6. బొమ్మ పేరు తెలుసుకోండి

వంతెన మీద ముగ్గురు మనుషులది విల్లో డిజైను, 1790 ప్రాంతంలో మొదలైంది. ధనవంతుడి కూతురు, గుమాస్తా ప్రేమించుకున్నారు, తండ్రి కొరడా పట్టుకుని తరిమాడు, చివరికి ఇద్దరూ పిట్టలయ్యారు అని అమ్మేవాళ్ళు కథ చెప్తారు. కథ బాగుంటుంది గానీ అది చైనాది కాదు. బొమ్మ పుట్టిన చాలా ఏళ్ళకి ఇంగ్లండ్‌లోనే అల్లారు. విల్లో ఇప్పటికీ తయారవుతోంది, కాబట్టి పాతదని తేలాకే డబ్బివ్వండి. స్పోడ్ 1816లో తెచ్చిన ఇటాలియన్ డిజైను కూడా అంతే, ఆపకుండా అమ్ముడవుతూనే ఉంది.

మనవాళ్ళు ప్రత్యేకంగా వెతకాల్సినవి వేరే ఉన్నాయి, మన దేశం బొమ్మలున్నవి. థామస్ డేనియల్ అనే చిత్రకారుడు, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786 నుంచి ఏళ్ళ తరబడి ఇండియా అంతా తిరిగి బొమ్మలు గీశారు. 1795 నుంచి 1808 దాకా వాటిని 144 అచ్చుచిత్రాలుగా లండన్‌లో వేశారు. కుండల కంపెనీల చెక్కడంవాళ్ళు వాటిని పంచదార మీద చీమల్లా పట్టుకున్నారు. లివర్‌పూల్‌లోని హెర్క్యులేనియం పాటరీ మదురై కోట దృశ్యాన్ని పళ్ళెం మీదికి ఎక్కించింది. స్టాఫర్డ్‌షైర్‌లో జాన్ రోజర్స్ కంపెనీ ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా దగ్గరి శిథిలాన్ని వాడింది. చాలా పళ్ళేల్లో ఒక ఊరి గోపురం, ఇంకో ఊరి సమాధి, మూడో ఊరి చెట్టు ఒకేచోట ఉంటాయి. ఇండియా చూడని మనిషి కత్తెర తీసుకుంటే అంతే మరి.

ఇంకొకటి స్పోడ్ వాళ్ళ ఇండియన్ స్పోర్టింగ్ సెట్టు, 1810 తర్వాతది. బెంగాల్‌లో పనిచేసిన కెప్టెన్ థామస్ విలియమ్సన్ వేట పుస్తకంలోని బొమ్మలకి నకలు. ఒక్కో పాత్రకి ఒక్కో దృశ్యం. భోజనం పళ్ళెంలో ఎలుగుబంటి చావు, సూప్ పళ్ళెంలో తోడేలు వెంట పరుగు. ఏ దృశ్యమో వెనక పేరు అచ్చయి ఉంటుంది. ఏనుగుల మీద దొరలు, తలపాగాలతో మనవాళ్ళు, ఆ బొమ్మ మీద మటన్ పెట్టుకుని తినేవాళ్ళన్నమాట. చూస్తే ఒకపక్క నవ్వు, ఒకపక్క ఒళ్ళుమంట. అయినా పనితనం ముందు చేతులెత్తేయాల్సిందే. వీటికి నకళ్ళు కూడా వచ్చాయి కాబట్టి ముద్ర, పూత, చెక్కడం మూడూ కలిశాకే నమ్మండి.

పుస్తకాల నుంచి ఇలా బొమ్మలు లేపేయడం 1842లో డిజైన్ల హక్కుల చట్టం రావడంతో తగ్గింది. తర్వాత పేరున్న ఊళ్ళు పోయి, ఏ దేశానిదో తెలియని సరస్సులూ కోటలూ వచ్చాయి. మీ పళ్ళెంలో ఉన్నది నిజమైన కట్టడమని గుర్తుపడితే, అది 1842కి ముందుదనే వైపు మొగ్గవచ్చు.

7. పగులు పరీక్ష

పళ్ళేన్ని అరచేతి వేళ్ళ మీద నిలబెట్టి గోటితో మెల్లగా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు చేసేదే. ఖంగుమంటే బాగుంది. టపటపమంటే ఎక్కడో వెంట్రుక పగులుంది. తర్వాత అంచు చుట్టూ గోరు నడిపించండి. కన్ను మోసపోయే చోట గోరు ఆగుతుంది. చివరగా చీకట్లో యూవీ టార్చి వేయండి. తర్వాత అతికించి రంగేసిన చోటు మిగతాదానికన్నా వేరుగా వెలుగుతుంది.

పూత మీద సన్నటి సాలెగూడు పగుళ్ళు ఉంటే పెద్ద పట్టింపు కాదు, ఆ వయసుకి మామూలే. మధ్య బొమ్మ మీదుగా పోయే పగులైతే సగం ధర కూడా ఎక్కువే. అంచు పెచ్చు చిన్నదైతే నేను పట్టించుకోను. వేలంపాటలో కొంటుంటే పాడిన ధర మీద కొనేవాళ్ళ కమిషన్ వేరే పడుతుంది, చాలాచోట్ల అయిదో వంతుకి పైనే. అది ముందే లెక్కేసుకోకపోతే బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి.

8. కడగడం

గోరువెచ్చటి నీళ్ళు, చుక్క లిక్విడ్ సబ్బు, ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు. చేతి ఉంగరాలు తీసేయండి. అంతకుమించి చాలావాటికి అవసరం లేదు. డిష్‌వాషర్, మైక్రోవేవ్ వద్దే వద్దు.

గోధుమ రంగు మరక లోపలికి దిగి ఉంటే చాలామంది బాత్రూం బ్లీచ్ వైపు చూస్తారు. నేనూ చూశాను. ఒక్కరాత్రిలో పళ్ళెం తళతళలాడింది. కొన్ని నెలల తర్వాత అంచున ఉప్పులాంటి తెల్లటి పొడి మొలిచింది, తుడిస్తే పూత పొరలు పొరలుగా లేచొచ్చింది. బ్లీచ్‌లోని ఉప్పు మట్టిలోకి దిగి, ఆరాక స్ఫటికాలై లోపల్నుంచి పూతని నెట్టేస్తుంది. ఆ పళ్ళెం ఇప్పుడు తులసి కుండీ కింద ఉంది.

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ మేలు. ముందు పళ్ళేన్ని మంచినీళ్ళలో కొన్ని గంటలు నాననివ్వండి. పొడి మట్టి మురికిని ఇంకా లోపలికి లాగేస్తుంది. తర్వాత గ్లవ్స్ వేసుకుని, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెరాక్సైడ్ పోసి వెలుతురు తగలకుండా కొన్ని రోజులు ఉంచండి. తీశాక నీళ్ళు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి, నీడలో నిదానంగా ఆరనివ్వండి. ఎండలో పెట్టి తొందరపడొద్దు. బంగారు గీత ఉన్నవాటికీ, అతికించినవాటికీ ఇది చేయకండి. విలువైనదనిపిస్తే అసలు ముట్టుకోకుండా ఆ పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

9. వాడకం, ఇండియాకి తేవడం

ఆ కాలం గాజుపూతలో సీసం ఉంటుంది. పులుపు తగిలితే అది వదులుతుంది. కాబట్టి పులిహోర, పప్పుచారు, ఊరగాయ, పెరుగు వీటిలో పెట్టొద్దు, అసలు రోజువారీ తిండికే వాడకండి. స్టాండు మీద నిలబెట్టడం అన్నిటికన్నా క్షేమం. గోడకి తగిలించాలంటే స్ప్రింగు తీగ కొక్కేలు మరీ బిగుతుగా ఉండకూడదు, అంచు పెచ్చులు లేపేవి అవే.

సూట్‌కేసులో పెట్టేటప్పుడు పళ్ళేన్ని పడుకోబెట్టకండి, పుస్తకంలా నిలబెట్టండి. ఒక్కోదానికి మెత్తటి గుడ్డ చుట్టి, చుట్టూ చీరలు కూరండి. ఇండియాలో కొన్న వందేళ్ళ పాత వస్తువుని మాత్రం బయటి దేశానికి తీసుకెళ్ళబోయే ముందు పురావస్తు శాఖని అడగండి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుల ఎగుమతికి కట్టడి ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కొనకముందే కన్ను తయారుచేసుకోవాలంటే సాలార్ జంగ్ మ్యూజియంలో ఐరోపా పింగాణీ చూసి రండి. మట్టిదానికీ పింగాణీకీ తేడా ఒక్క మధ్యాహ్నంలో పట్టుబడుతుంది. స్టోక్ వైపు వస్తే హాన్లీలోని పాటరీస్ మ్యూజియం, బర్స్‌లెమ్‌లోని మిడిల్‌పోర్ట్ పాటరీ రెండూ చూడండి. రెండోచోట కాగితపు అచ్చు పని ఇప్పటికీ చేస్తున్నారు.

కొన్న ప్రతిదానికీ చిన్న చీటీ రాసి వెనక గట్టులో పెడుతుంటాను. ఎక్కడ కొన్నది, ఎంతకి, ఏ కాలం అనుకుంటున్నది, "తినడానికి కాదు" అని. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒక విల్లో పళ్ళెం అమ్మకి ఇచ్చాను, చీటీతో సహా. మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అందులోనే అప్పడాలు వచ్చాయి. "పులుపు లేదుగా" అంది.